కుంగ్‌ఫూ క్యాసెట్లు చెప్పకుండా వదిలేసిన పాఠం

పాత హాంకాంగ్ కుంగ్‌ఫూ సినిమాల కథ నిద్రలో లేపి అడిగినా చెప్పేయొచ్చు. ఒక కుర్రాడు ఉంటాడు, అల్లరోడో అమాయకుడో, ఎవడో వచ్చి వాణ్ణి చితక్కొడతాడు లేదా వాళ్ల నాన్ననో గురువునో చంపేస్తాడు, వీడు పోయి ఒక ముసలి గురువు కాళ్లు పట్టుకుంటాడు, ఆయన ముందు విద్య చెప్పడు, నీళ్లు మోయిస్తాడు, తలకిందులుగా వేలాడదీస్తాడు, గంటలు గంటలు గుంజీల భంగిమలో నిలబెడతాడు, ఆ తర్వాతే అసలు విద్య, చివర్లో ఒక పెద్ద ఫైట్, విలన్ నేలకి తగలగానే బొమ్మ ఆగిపోయి సినిమా అయిపోద్ది. ఇంటికెళ్లడాలు, కన్నీళ్లు తుడుచుకోడాలు, పెళ్లి ఫోటో ఇలాంటివేం ఉండవు.

ఆ లెక్కన కుంగ్‌ఫూ సినిమా అంటేనే కుర్రాడు పెద్దోడయ్యే కథ. చేతకానితనం నుంచి చేతనైనతనం దాకా వెళ్లే దారి అంతా ఒంటి మీదే కనపడుతుంది, డైలాగు అర్థం కాకపోయినా పర్లేదు, నిన్న ఎత్తలేని బిందె ఇవాళ ఎత్తాడు కదా అంతే చాలు. అందుకే భాష తెలియని ఊళ్లలో కూడా పది పన్నెండేళ్ల పిల్లలు ఆ సినిమాలకి అంతలా అతుక్కుపోయారు. కాకపోతే ఈ ఎదుగుదలలో ఒక పెద్ద ఖాళీ ఉంది, ప్రేమ. 1978లో హాంకాంగ్ స్టూడియో షా బ్రదర్స్ నుంచి వచ్చిన 'ది 36త్ ఛాంబర్ ఆఫ్ షావొలిన్' చూడండి, లౌ కార్ లియాంగ్ డైరెక్షన్, గోర్డన్ లియూ హీరో, పేరులో 36 ఉన్నా షావొలిన్ గుడిలో ఉన్నవి 35 గదులే, ఒక్కో గదిలో ఒక్కో శిక్షణ, ఒకచోట చేతులకి బలం, ఒకచోట చూపుకి పదును, ఒకచోట తలకి గట్టిదనం. ఇన్ని నేర్పిన సినిమాలో ఒక మనిషిని ఇష్టపడితే ఏం చెయ్యాలి అన్న ప్రశ్నే రాదు. సన్యాసుల గుడి కాబట్టి సరే అనుకోవచ్చు, కానీ గుడి బయట జరిగే కథల్లో కూడా చాలావరకు ఇంతే.

ఇది మొదట్నుంచీ ఇలా లేదు. 1966లో కింగ్ హూ తీసిన 'కమ్ డ్రింక్ విత్ మీ'లో కథ నడిపించేది చెంగ్ పే పే, కత్తి పట్టిన అమ్మాయి. మరుసటి ఏడాదే చాంగ్ చే తీసిన 'ది వన్ ఆర్మ్‌డ్ స్వోర్డ్స్‌మన్' వసూళ్లలో పది లక్షల హాంకాంగ్ డాలర్లు దాటేసింది, అక్కణ్ణుంచి గాలి మగాళ్ల వైపు తిరిగింది. చాంగ్ చే సినిమాల్లో స్నేహం, పగ, ప్రాణత్యాగం, ఇవన్నీ మగాళ్ల మధ్యే. తర్వాత బ్రూస్ లీ వచ్చాడు, 1973 జులై 20న 32 ఏళ్లకే చనిపోయాడు, ప్రపంచం మొత్తం చూసిన 'ఎంటర్ ది డ్రాగన్' ఆయన పోయాకే రిలీజైంది. ఆ సినిమాలో ఆయనకి ప్రేమకథ లేదు. ఒక తరం కుర్రాళ్లు మగతనం అంటే ఏంటో ఈ సినిమాల నుంచే నేర్చుకున్నారు, దెబ్బ ఎలా తినాలో తెలిసింది, ఎలా లేవాలో తెలిసింది, పక్కన అమ్మాయి నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఎవ్వరూ చెప్పలేదు.

ఆ పాత సినిమాల మీద ప్రేమతో తర్వాతి తరం తీసిన ప్రేమకథలు, కామెడీలు నిలబడేదీ తేలిపోయేదీ సరిగ్గా ఈ ఖాళీ దగ్గరే. బ్రూస్ లీ వేసుకున్నట్టు పసుపు రంగు డ్రెస్సు వేయించి, కెమెరా జూమ్ ఠక్కున లోపలికి లాగి, గుద్దుకి ఆ పాత టపటప సౌండు పెడితే నోస్టాల్జియా వచ్చేస్తుందనుకోవడం తేలికపని. వీడియో క్యాసెట్లలో చూసిన ఆ సినిమాలు ఏం నేర్పాయో, ఏం నేర్పకుండా వదిలేశాయో రెండూ తెలిసినవాడు తీస్తేనే అది కథ అవుతుంది.

దీనికి ఆధారం ఆ పాత సినిమాల్లోనే దొరుకుతుంది, అదీ అందరికీ ఇష్టమైన దాంట్లో. 1978లో యుయెన్ వూ పింగ్ తీసిన 'డ్రంకెన్ మాస్టర్'. జాకీ చాన్ అప్పటికి ఇరవైల్లో ఉన్న కుర్రాడు, వేసింది వాంగ్ ఫే హంగ్ వేషం. వాంగ్ ఫే హంగ్ అంటే చైనాలో నిజంగా బతికిన జానపద వీరుడు, 1949 నుంచి క్వాన్ తక్ హింగ్ అనే నటుడు పదుల కొద్దీ సినిమాల్లో ఆయన్ని మహా పెద్దమనిషిగా చూపించాడు, 'డ్రంకెన్ మాస్టర్' వచ్చి అదే మనిషిని తిని తిరిగే అల్లరి కుర్రాడిగా చేసేసింది. అందులో ప్రేమ అనదగ్గ సీన్ ఒక్కటే ఉంటుంది, బజార్లో ఒక అమ్మాయిని పందెం కోసం ఆటపట్టించబోతాడు, వాళ్లమ్మ వచ్చి జనం ముందే ఉతికేస్తుంది, తీరా ఇంటికెళ్తే ఆ తల్లి వీడి మేనత్త, ఆ అమ్మాయి మేనత్త కూతురు. మనవైపు సినిమా అయితే అక్కడ పెళ్లి సంబంధం మొదలైపోయేది, ఇక్కడ మాత్రం ఆ అమ్మాయి కథలోంచి నెమ్మదిగా మాయం.

అసలు విషయం ఆ తర్వాత వస్తుంది. గురువు బెగ్గర్ సో వాడికి తాగిన ఎనిమిది మంది దేవతల పోరు పద్ధతులు నేర్పిస్తాడు. అందులో ఏడుగురు మగవాళ్లు, ఒకరు ఆడ దేవత, హో సియాన్ గూ. ఆడదాని నడకలు నాకెందుకని కుర్రాడు ఆ పాఠం ఎగ్గొడతాడు. క్లైమాక్స్‌లో విలన్‌తో కొట్లాడేటప్పుడు మిగతా ఏడూ వాడేశాక కూడా పని అవదు, గురువు అరుస్తాడు ఎనిమిదోది వాడరా అని, వీడికి రాదు. చేసేదిలేక అక్కడికక్కడ తనకి తోచినట్టు ఆ ఆడ దేవత పద్ధతిని కల్పించుకుంటాడు, అద్దం చూసుకున్నట్టు, ముస్తాబవుతున్నట్టు, నడుము తిప్పుకుంటూ, దాంతోనే గెలుస్తాడు. జనం నవ్వుకోడానికి పెట్టిన సీనే, కాదనలేం. కానీ ఆ నవ్వు కింద ఉన్నది చూస్తే, కుర్రాడు సిగ్గుపడి వదిలేసిన పాఠమే చివరికి వాడికి అక్కరకొచ్చింది, కుంగ్‌ఫూ సినిమాల మీద తర్వాత వచ్చిన మంచి ప్రేమకథలన్నీ ఈ ఎనిమిదో పాఠాన్ని మళ్లీ తెరిచి చదివినవే అనిపిస్తుంది.

మన దేశంలో ఈ పని అందరికంటే మనసు పెట్టి చేసింది దర్శకుడు వాసన్ బాలా, హిందీ సినిమా 'మర్ద్ కో దర్ద్ నహీ హోతా'తో. 2018లో టొరంటో ఫిల్మ్ ఫెస్టివల్‌లో అర్ధరాత్రి సినిమాల విభాగంలో వేస్తే అక్కడ ప్రేక్షకులే ఓటేసి అవార్డిచ్చారు, ఇక్కడ 2019 మార్చి 21న రిలీజైంది, అదే రోజు అక్షయ్ కుమార్ 'కేసరి' కూడా ఉండటంతో థియేటర్లలో చాలామందికి కనపడకుండానే పోయింది. పేరు అమితాబ్ 'మర్ద్'లోని డైలాగు, మగాడికి నొప్పి ఉండదు అని. హీరో సూర్య, అభిమన్యు దస్సానీ చేశాడు, పుట్టుకతోనే నొప్పి తెలియని జబ్బు వాడికి. ఇది కల్పన కాదు, నిజంగా ఉన్న జన్యు సమస్యే, అలాంటి పిల్లలకి కాలినా తెగినా తెలీదు కాబట్టి ప్రతి చిన్న గాయం ప్రమాదమే, సినిమా దాన్ని నవ్వులకి వాడుకున్నా ఆ పిల్లాణ్ణి ఇంట్లో దాచిపెట్టుకున్న తండ్రి భయాన్ని మాత్రం ఎక్కడా తేలిక చెయ్యదు. తల్లి చైన్ స్నాచింగ్ గొడవలో చనిపోయింది కాబట్టి వాడి దృష్టిలో లోకంలో విలన్ అంటే చైన్ దొంగే. తాత (మహేష్ మంజ్రేకర్) వీడియో క్యాసెట్లు తెచ్చిపెడతాడు, పిల్లాడు నాలుగు గోడల మధ్య వాటిని చూస్తూ పెరుగుతాడు, వాటిల్లో ఒకటి ఒంటికాలి కరాటే మాస్టర్ మణి వంద మందితో ఒంటరిగా కొట్లాడిన క్యాసెట్.

వాసన్ బాలా ఎంత జాగ్రత్తగా అల్లాడంటే, కుంగ్‌ఫూ సినిమాలో హీరో నేర్చుకోవాల్సిన మొదటి పాఠం నొప్పి ఓర్చుకోవడం కదా, సూర్యకి అది పుట్టుకతోనే ఉంది, అంటే శిక్షణ సగం అవసరమే లేదు. వాడు నేర్చుకోవాల్సింది తిరగేసిన పాఠం, దెబ్బ తగిలిందని గుర్తించడం, అమ్మా అనడం, తన ఒంటికి ఏదో అయిందని తెలుసుకోవడం. ఎప్పుడూ వీపుకి నీళ్ల సంచి తగిలించుకుని తిరుగుతాడు, ఒంట్లో నీళ్లు తగ్గితే పడిపోతాడు, వాడి బలహీనత గుద్దు కాదు దాహం. మనసు విషయం కూడా అంతే, చిన్ననాటి స్నేహితురాలు సుప్రీ మీద వాడికి ఉన్నది ఏంటో వాడికే తెలీదు, ఎందుకంటే వాడు చూసిన క్యాసెట్లలో దానికి సంబంధించిన సీన్ లేదు. ఇందులో రొమాంటిక్ కామెడీ పుట్టేది ఇక్కడే, జోకుల్లోంచి కాదు.

క్యాసెట్ అన్నాం కాబట్టి అది ఎలాంటి క్యాసెట్టో చెప్పుకోవాలి. షా బ్రదర్స్ వాళ్లు సినిమాలు తీసింది వెడల్పు తెర కోసం, ఎత్తుకి రెండు రెట్ల పైన వెడల్పు, ఇద్దరు ఫైటర్లు తెరకి ఆ చివర ఒకరు ఈ చివర ఒకరు నిలబడేవాళ్లు, ఆ మధ్య ఖాళీలోనే టెన్షన్ అంతా. దాన్ని పాత టీవీ చదరానికి కుదించేసరికి రెండు పక్కలా కోసేసేవాళ్లు, ఎదురెదురుగా ఉన్న ఇద్దర్లో ఒకళ్ల మోకాలు ఒకళ్ల ముక్కు కనపడేవి. షూటింగ్‌లో సౌండు రికార్డు చేసే అలవాటు అప్పటి హాంకాంగ్‌లో పెద్దగా లేదు, అన్నీ తర్వాత డబ్బింగే, దాని మీద ఇంగ్లీషు డబ్బింగ్ ఇంకో పొర, కాపీ నుంచి కాపీ తీసిన క్యాసెట్లో రంగులు కారిపోయేవి. షా బ్రదర్స్ సినిమాల హక్కులు 2000లో సెలెస్టియల్ పిక్చర్స్ కొని, 2002 నుంచి శుభ్రం చేసిన ప్రింట్లు బయటికి వదిలేదాకా లోకంలో చాలామందికి ఆ సినిమాలంటే ఈ అరిగిపోయిన రూపమే. కాబట్టి ఈ నోస్టాల్జియా ఆ సినిమాల మీద మాత్రమే కాదు, ఆ గీతలు, ఆ పెదాలకి అతకని మాటలు, నచ్చిన ఫైట్‌ని వెనక్కి తిప్పి తిప్పి చూసిన ఒంటరి మధ్యాహ్నాలు, అన్నీ కలిపి. సూర్య ఇంట్లో బందీగా పెరగడం అనే పాయింటు సరిగ్గా అతికింది అందుకే, వాడికి లోకం అంటే ఆ చదరమే, ఎదురుగా ఉన్న మనిషి పూర్తిగా కనపడని చదరం.

అయితే ఫైట్లు మాత్రం ఆ లోపాల్ని కాపీ కొట్టలేదు, సంతోషం. హాంకాంగ్ పద్ధతిని ఒంటబట్టించుకున్న అమెరికన్ ఫైట్ డిజైనర్ ఎరిక్ జేకబస్ పనిచేశాడు, మనిషి తల నుంచి కాలి దాకా కనపడేలా ఫ్రేమ్ పెట్టి, కట్‌లు తగ్గించి, నటులే కొట్టుకుంటున్నారని కళ్లకి తెలిసేలా చేశారు. ఇది ప్రేమకథకి కూడా ఎందుకు ముఖ్యమంటే, ఇద్దరూ ఒకే ఫ్రేమ్‌లో పూర్తిగా కనపడితేనే ఒకళ్ల కదలికకి ఇంకొకళ్లు ఎలా స్పందిస్తున్నారో చూడగలం, ప్రేమ సీన్‌లో చూడాల్సిందీ అదే కదా.

సుప్రీ దగ్గరికొద్దాం. రాధికా మదన్ చేసిన పాత్ర, నిజానికి సినిమాకి వెన్నెముక. చిన్నప్పుడు స్కూల్లో సూర్యని కాచుకున్న పిల్ల, ఇద్దరూ విడిపోతారు, ఏళ్ల తర్వాత వాడు బయటికొచ్చాక కరాటే మణి పోస్టర్లు అంటిస్తున్న ఒక అమ్మాయి రోడ్డు మీద నలుగుర్ని ఇరగదీస్తుంటే నోరు తెరుచుకుని చూస్తాడు, ఆమే సుప్రీ. వాడు క్యాసెట్లో చూసి మురిసిపోయిన గురువు దగ్గర ఆమె నిజంగానే నేర్చుకుంది. వాడికి విద్య బొమ్మల్లోంచి వచ్చింది, ఆమెకి చెమటలోంచి వచ్చింది, అందుకే ఆమె వాడికంటే మెరుగైన ఫైటర్, సినిమాకి ఆ మాట ఒప్పుకోడానికి ఏ మాత్రం ఇబ్బంది లేదు. కానీ అంతమందిని కొట్టగల ఆ పిల్ల ఇంట్లో తనకి కుదిరిన పెళ్లికొడుకు దగ్గర మాత్రం గొంతెత్తలేదు, వాడు ప్రతిదానికీ ఆంక్ష పెడుతుంటే తల వంచుకుంటుంది. సూర్యకి నొప్పి తెలీదు, సుప్రీకి నొప్పి తప్ప ఇంకోటి తెలీదు. ఈ జోడీ కుదరడమే సినిమా చేసిన గొప్ప పని.

ఇక్కడ ఒక పాత కథ గుర్తొస్తుంది, వింగ్ చున్ అనే కుంగ్‌ఫూ విద్య పుట్టుక గురించి చైనాలో చెప్పుకునేది. యిమ్ వింగ్ చున్ అనే అమ్మాయిని ఒక రౌడీ బలవంతంగా పెళ్లాడతానంటాడు, ఎన్‌గ్ మూయి అనే సన్యాసిని ఆ పిల్లకి విద్య నేర్పుతుంది, అమ్మాయి వాణ్ణి కొట్టి ఓడించి తనకి నచ్చినవాణ్ణే చేసుకుంటుంది. చరిత్ర కాదు, ఐతిహ్యమే, కానీ బ్రూస్ లీ కుర్రతనంలో ఇప్ మాన్ దగ్గర నేర్చుకున్న విద్యకి మూలంలో ఉన్నది ఒక అమ్మాయి పెళ్లి కాదనుకునే కథ అంటే ఎంత పెద్ద మాట. 1994లో యుయెన్ వూ పింగే మిషెల్ యో హీరోయిన్‌గా 'వింగ్ చున్' తీశాడు, అది పూర్తిగా రొమాంటిక్ కామెడీయే.

షా బ్రదర్స్ వాళ్ల దగ్గర కూడా ఈ ఖాళీ చూసినవాడు ఒకడున్నాడు, లౌ కార్ లియాంగే. '36త్ ఛాంబర్' తీసిన 1978లోనే ఆయన 'హీరోస్ ఆఫ్ ది ఈస్ట్' కూడా తీశాడు. చైనా కుర్రాడికి జపాన్ అమ్మాయితో పెళ్లి, ఇద్దరికీ యుద్ధవిద్యలొచ్చు, మీ విద్య గొప్పా మా విద్య గొప్పా అని మొగుడూ పెళ్లాం పెరడంతా బద్దలు కొట్టుకుంటారు, ఆమె అలిగి పుట్టింటికెళ్తుంది, ఆమెని వెనక్కి రప్పిద్దామని మొగుడు రాసిన సవాలు ఉత్తరం పెద్దల చేతిలో పడి, జపాన్ నుంచి నిపుణులు ఒక్కొక్కరే వచ్చి వీడితో తలపడతారు. ఇన్ని ఫైట్లు ఉన్నా ఒక్కరూ చావరు, ఓడినవాళ్లకి మర్యాద దక్కుతుంది. ఆ కాలపు సినిమాల్లో ఇది చాలా అరుదు. మూడేళ్లకి 1981లో కారా హుయ్‌తో 'మై యంగ్ ఆంటీ' తీస్తే, హాంకాంగ్ ఫిల్మ్ అవార్డులు మొదలైన 1982లోనే తొలి ఉత్తమ నటి బహుమతి ఆమెకొచ్చింది. పాత కుంగ్‌ఫూ సినిమా అంటే పగే అనుకునేవాళ్లు ముందు ఈ రెండూ చూడాలి.

కొరియావాళ్లు ఇదే సరుకుతో చేదు కథ చేశారు. యూ హా 2004లో తీసిన 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ హైస్కూల్', 1978 నాటి సియోల్, సైనిక పాలన క్రమశిక్షణ స్కూల్ దాకా పాకిన రోజులు, బ్రూస్ లీ అంటే పిచ్చి ఉన్న ఒక మెతక కుర్రాడు, ఒక అమ్మాయి, మధ్యలో ఒక స్నేహితుడు. కుర్రాడు నాన్‌చాక్ (గొలుసుతో కలిపిన రెండు కర్రలు) తిప్పడం నేర్చుకుంటాడు, స్కూలు డాబా మీద కొట్టేస్తాడు కూడా, కానీ ఆ దెబ్బలు అమ్మాయి ప్రేమని తెచ్చిపెట్టవు. క్యాసెట్ విద్యకి ఉన్న హద్దు ఏంటో ఆ సినిమా మొహమాటం లేకుండా చెప్పేసింది.

మనవైపు ఈ పిచ్చి తక్కువేం కాదు. 80ల్లో సుమన్, భానుచందర్ లాంటి హీరోల గుర్తింపులో కరాటేదే పెద్ద వాటా, అమీర్‌పేటలో వీడియో షాపు నడిపిన రామ్ గోపాల్ వర్మ బ్రూస్ లీ భక్తి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ కుర్రతనం, ప్రేమ, కామెడీ, శిక్షణ నాలుగూ ఒకే గిన్నెలో ఉడికింది 1999 'తమ్ముడు'లోనే. వైజాగ్‌లో అల్లరిగా తిరిగే సుబ్బు, అన్న ఆసుపత్రి పాలయ్యాక కిక్‌బాక్సింగ్ రింగులోకి దిగుతాడు, కథకి దారి చూపించింది హిందీ సినిమా 'జో జీతా వహీ సికందర్', కానీ సైకిల్ పందెం తీసేసి కిక్‌బాక్సింగ్ పెట్టడంతో అది హాంకాంగ్ శిక్షణ కథకి దగ్గరి చుట్టమైపోయింది. 'ట్రావెలింగ్ సోల్జర్' పాటలో పవన్ కళ్యాణ్ తన ఒంటిని పెట్టే కష్టం చూసి ఎంతమంది కుర్రాళ్లు తెల్లారే లేచి డాబా మీద చేతులు కందిపోయేలా గుద్దుకున్నారో. ప్రేమ వైపు చూస్తే, డబ్బున్న లవ్లీ వెంట పడి పక్కనే ఉన్న జానుని ఆలస్యంగా గుర్తించడం కూడా ఎదగడంలో భాగంగానే రాసుకున్నారు, అది బాగుంది. కానీ జాను పని చివరిదాకా పక్కన నిలబడి నమ్మడమే, ఎనిమిదో పాఠం అక్కడా మిగిలిపోయింది. 2022లో వర్మ 'అమ్మాయి'లో బ్రూస్ లీని ఆరాధించే ఆడపిల్లనే ఫైటర్‌ని చేశాడు, ఆలోచన సరైనదే, పూజా భాలేకర్‌కి విద్య నిజంగా వచ్చు కూడా, కెమెరా మాత్రం ఆమె పట్టు కంటే ఆమె ఒంటినే ఎక్కువ చూసింది.

'మర్ద్ కో దర్ద్ నహీ హోతా'కి కూడా లోటు లేకపోలేదు. గుల్షన్ దేవయ్య మణిగా, వాడి కవల సోదరుడు విలన్ జిమ్మీగా రెండు వేషాలూ అదరగొట్టాడు, అయితే జిమ్మీ రాగానే కథ ఒక లాకెట్ చుట్టూ, అన్నదమ్ముల పాత పగ చుట్టూ తిరగడం మొదలై, సుప్రీ బతుకు పక్కకి జరిగిపోతుంది. పాత సినిమాల మీద ప్రేమ ఎక్కువైనప్పుడు వచ్చే చిక్కే ఇది, చివరి ఫైట్ మగాళ్ల పగతోనే ముగియాలన్న అలవాటు దర్శకుణ్ణి కూడా లాగేసింది. రోడ్డు మీద నలుగుర్ని పడగొట్టిన అమ్మాయి తనకి కాబోయేవాడి ఎదురుగా నిలబడి కుదరదు అని చెప్పడానికి ఎంత శక్తి కూడగట్టుకోవాలో, ఆ శిక్షణ ఏ గదిలో దొరుకుతుందో, దానికి కూడా క్లైమాక్స్ ఫైట్‌కి ఇచ్చినంత టైము ఇచ్చి ఉండాల్సింది.